గుండుసూది నుంచి గొడుగు దాకా... అన్నీ యీవూలోనే!

జడ క్లిప్పు, జామెట్రీ బాక్సు, గుమ్మానికి కట్టే ప్లాస్టిక్ తోరణం, పండక్కి వేలాడదీసే రంగుల దీపాల దండ... మన వీధి చివరి ఫ్యాన్సీ షాపులో కనిపించే చాలా సరుకులకు పుట్టిల్లు చైనాలోని ఓ ఊరు. పేరు యీవూ. అక్కడికెళ్లి సరుకు కొనడం తేలిక. కొన్న సరుకు అనుకున్నట్టుగా ఇంటికి చేరడమే అసలు సంగతి!

పదడుగుల కొట్టు. మూడు గోడల నిండా జడ క్లిప్పులే. మధ్యలో చిన్న బల్ల. బల్లకు అటువైపు ఓ నడివయసు చైనా మహిళ. ఇటువైపు విజయవాడ వన్‌టౌన్ నుంచి వెళ్లిన కుర్ర వ్యాపారి. ఆమెకు ఇంగ్లిషు అంతంతమాత్రం. అతనికి చైనా భాషలో 'నీహావ్' తప్ప మరో ముక్క రాదు. అయినా బేరం మాత్రం జోరుగా సాగుతోంది. ఆమె క్యాలిక్యులేటర్ మీద 0.45 అని కొట్టి ఇటు తిప్పింది. అతను చెరిపేసి 0.30 కొట్టాడు. ఆమె నవ్వింది, తల అడ్డంగా ఊపింది, 0.43 అంది. చివరికి 0.40 యువాన్ల దగ్గర ఇద్దరూ తలూపారు. కుర్రాడి మొహం వెలిగిపోయింది. అప్పుడు ఆమె ఆర్డరు పుస్తకం తీసి రాసింది... పెట్టెకు 1,200 చొప్పున అయిదు పెట్టెలు. అంటే 6,000 క్లిప్పులు! అతను మనసులో అనుకున్నది అయిదొందలు.

యీవూకి కొత్తగా వెళ్లిన ప్రతి ఒక్కరికీ తగిలే మొదటి దెబ్బ ఇదే. మనం ధర దగ్గర బేరం మొదలుపెడతాం. అక్కడివాళ్లు ఎన్ని పెట్టెలన్న దగ్గర మొదలుపెడతారు. 'ఎంత?' అని అడగడానికి ముందే 'ఎన్ని కొనాలి?' అని అడగడం నేర్చుకున్నవాళ్లకి సగం పని అయిపోయినట్టే.

ఈకలకు బెల్లం... అదే మొదలు!

షాంఘై నుంచి దక్షిణంగా హైస్పీడు రైలెక్కితే గంటన్నర, రెండు గంటల్లో వస్తుంది యీవూ. జజియాంగ్ రాష్ట్రంలో, కొండల మధ్య ఉంటుంది. సముద్రం లేదు, గనుల్లేవు, చెప్పుకోదగ్గ పంటా లేదు. ఇలాంటి ఊరు ప్రపంచానికంతటికీ సంతగా ఎలా మారిందని ఎవరికైనా అనుమానం వస్తుంది.

మన ఊళ్లలో ఒకప్పుడు 'పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా...' అంటూ గంపతో తిరిగేవాళ్లు గుర్తున్నారా? ఊడిన జుట్టు దాచిపెట్టి ఇస్తే గిన్నెలో, గరిటెలో ఇచ్చేవాళ్లు. (అలా పోగైన జుట్టులో కొంత చైనాలోని విగ్గుల కార్ఖానాలకే చేరుతుందన్నది వేరే కథ.) యీవూ రైతులదీ అచ్చం అదే పని. అక్కడి భూమి నిస్సారం. ఎరువు కావాలి. పొలం పనుల్లేని చలికాలంలో కావడికి రెండువైపులా బెల్లంలాంటి ఎర్ర చక్కెర ముక్కలు పెట్టుకుని, చేతిలో గిలక డప్పు ఆడిస్తూ ఊళ్ల మీద పడేవారు. ఇంటింటా కోడి ఈకలు తీసుకుని చక్కెర ఇచ్చేవారు. మంచి ఈకలు దుమ్ము దులిపే కుంచెలకు, మిగతావి పొలంలో ఎరువుకు. మెల్లగా చక్కెర పక్కన సూదులు, దారాలు, గుండీలు చేరాయి. కావడి కాస్తా చిల్లర కొట్టయింది.

మావో కాలంలో ఈ వ్యాపారాన్ని పెట్టుబడిదారీ బుద్ధి కింద లెక్కగట్టారు. దొరికితే సరుకు జప్తు. అయినా చాటుమాటుగా సాగుతూనే ఉండేది. 1982లో షియె గావ్‌హువా అనే ఆయన ఆ ప్రాంతానికి పార్టీ కార్యదర్శిగా వచ్చాడు. వీధిలో సరుకులమ్ముకునే ఫెంగ్ ఐచ్యెన్ అనే మహిళ ఓ రోజు ఆయన్ని పట్టుకుని నిలదీసేసింది. పిల్లల్ని పెంచుకోవాలి, పొట్ట పోసుకోవాలి, అమ్ముకోనివ్వకపోతే ఎలాగంటూ! ఆయన కోప్పడలేదు. కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆ ఏడాది సెప్టెంబరులో వీధి సంతకు అధికారికంగా తలుపులు తెరిచాడు. పైనుంచి అనుమతి రాకముందే తీసుకున్న నిర్ణయమది. తేడా వస్తే ఆయన ఉద్యోగానికే ఎసరు. రాలేదు కాబట్టి సరిపోయింది! 2018లో, చైనా ఆర్థిక సంస్కరణలకు నలభై ఏళ్లు నిండినప్పుడు, ప్రభుత్వం సన్మానించిన వందమందిలో షియె కూడా ఉన్నాడు. ఆ మరుసటేడే కన్నుమూశాడు.

469 రోజులు నడవాలి!

నాటి వీధి సంత ఈనాటి 'ఇంటర్నేషనల్ ట్రేడ్ సిటీ'. ఊళ్లోవాళ్లు ఫూథ్యెన్ మార్కెట్ అంటారు. మొదటి భాగం 2002లో తెరిచారు. తర్వాత ఒకదాని పక్కన ఒకటి చేరుతూ అయిదు భాగాలయ్యాయి. మొత్తం 75 వేల కొట్లు. ఒక్కో కొట్టు దగ్గర మూడు నిమిషాలు ఆగినా, రోజుకు ఎనిమిది గంటల చొప్పున అన్నీ చూడటానికి 469 రోజులు పడుతుంది. వారం రోజుల వీసా పనికి వెళ్లినవాళ్లు ఏం చూస్తారు, ఏం కొంటారు?

అందుకే అనుభవం ఉన్నవాళ్లు మార్కెట్‌కు వెళ్లేముందే ఏ భాగమో తేల్చుకుంటారు. బొమ్మలు, ప్లాస్టిక్ పూలు, గాజులు, గొలుసులు, జడ క్లిప్పులు కావాలంటే మొదటి భాగం. గొడుగులు, బ్యాగులు, తాళాలు, పనిముట్లు, గడియారాలకు రెండోది. పెన్నులు, కళ్లజోళ్లు, గుండీలు, జిప్పులు, సౌందర్య సాధనాలు మూడోదాంట్లో. మేజోళ్లు, టోపీలు, తువ్వాళ్లు, లేసులకు నాలుగోది. దుప్పట్లు, కారు సామగ్రి వగైరాలు అయిదోదాంట్లో. గొడుగుల వరసలో ఒక్క గొడుగుల కొట్లే వందల్లో ఉంటాయి. పదో కొట్టు దాటేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏ కొట్లో ఏం చూశామో సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. కొట్టు నంబరు కనిపించేలా ముందో ఫొటో, తర్వాత సరుకు ఫొటో... ఈ వరస తప్పకుండా పాటించేవాళ్లు రాత్రి హోటల్లో జుట్టు పీక్కోరు. ఫొటో తీసేముందు కొట్టు యజమానిని అడగటం మర్యాద. డిజైన్లు కాపీ కొడతారన్న భయం వాళ్లకీ ఉంటుంది.

ఉదయం తొమ్మిదింటికల్లా కళకళలాడే మార్కెట్ సాయంత్రం అయిదయ్యేసరికి చప్పబడిపోతుంది. క్రిస్మస్ చెట్ల వరసలో జూన్, జులై నెలల్లోనే శాంతాక్లాజు పాటలు వినిపిస్తుంటాయి. ప్రపంచం అలంకరించుకునే క్రిస్మస్ సరుకులో సింహభాగం ఇక్కడిదే మరి. రాఖీలు, హోలీ పిచికారీలు, వినాయకుడి బొమ్మలు కూడా దొరుకుతాయి. 2016లో అమెరికా ఎన్నికలప్పుడు ట్రంప్ జెండాల ఆర్డర్లు ఎక్కువొస్తున్నాయని ఇక్కడి వ్యాపారులు ముందే చెప్పారట. సర్వేలు తప్పాయి, జెండాలు చెప్పిందే జరిగింది!

'మేయ్ వెన్‌తీ' అన్నారంటే...

కొట్లో కూర్చునేది ఎక్కువగా మహిళలే. 'లావ్‌బన్ న్యాంగ్' అంటారు. యజమానురాలని అర్థం. భర్త ఊరి బయట కార్ఖానా చూసుకుంటాడు, భార్య కొట్టు చూసుకుంటుంది. ఇలాంటి జంట దొరికితే అదృష్టమే. ఎందుకంటే కొన్ని కొట్ల వెనక కార్ఖానా ఉండదు. పదిచోట్ల నుంచి తెచ్చి అమ్మేవాళ్లూ ఉంటారు. అది తప్పేం కాదు. కాకపోతే సరుకు బాగాలేనప్పుడు సరిచేసేవాళ్లెవరో తెలియదు. 'మీ ఫ్యాక్టరీ చూడొచ్చా?' అని అడిగితే తేలిపోతుంది. నిజంగా ఉన్నవాళ్లు కారు పంపిస్తారు. లేనివాళ్లు 'చాలా దూరం' అంటారు.

ఇక వాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట 'మేయ్ వెన్‌తీ'. 'ఏం ఫర్వాలేదు' అని. రంగు మార్చగలరా? మేయ్ వెన్‌తీ. పదిహేను రోజుల్లో ఇవ్వగలరా? మేయ్ వెన్‌తీ. ప్యాకెట్ మీద తెలుగులో మా షాపు పేరు వేయగలరా? మేయ్ వెన్‌తీ! మొహమ్మీద 'కాదు' అనడం అక్కడ అమర్యాద. మన పెళ్లిళ్లలో 'తప్పకుండా వస్తామండీ' అన్నట్టే అదీ. కాబట్టి 'చేయగలరా?' అని కాకుండా 'ఎలా చేస్తారు? ఇదివరకు చేసిందేదైనా చూపిస్తారా?' అని అడగాలి. చూపించడానికి ఏమీ లేకపోతే జవాబు తెలిసినట్టే.

రెండో మాట 'ఛా బు దువో'. 'దాదాపు అంతే' అని అర్థం. శాంపిల్‌లో ఎరుపు, వచ్చిన సరుకులో కాస్త గులాబీ... ఛా బు దువో. శాంపిల్‌లో స్ప్రింగు గట్టిది, సరుకులో కాస్త మెత్తన... ఛా బు దువో. చైనా సరుకంటే నాసిరకమన్న పేరు సగం ఈ మాట వల్లే వచ్చింది. మిగతా సగం మనవల్లే! 'ఇంకా తగ్గించు, ఇంకా తగ్గించు' అని పీడిస్తే అవతలివాళ్లు కాదనరు. నవ్వుతూ తగ్గిస్తారు, దానికి తగ్గట్టు రేకు మందమూ తగ్గిస్తారు. అదే కొట్లో జర్మనీవాడికి ఒక రకం, మనవాడికి ఒక రకం క్లిప్పు తయారయ్యేది ఇలాగే. యంత్రం ఒక్కటే, కార్మికుడూ ఒక్కడే. బేరం వేరు.

దీనికి మందు ఒక్కటే. ఖాయం చేసుకున్న శాంపిళ్లు రెండు తీసుకుని రెండింటి మీదా ఇద్దరూ సంతకాలు చేయాలి. ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మన దగ్గర. బరువు గ్రాముల్లో, కొలత మిల్లీమీటర్లలో, రంగు నంబరుతో ఆర్డరు కాగితం మీద రాయించాలి. 'మంచి క్వాలిటీ' అని రాస్తే ఎందుకూ కొరగాదు. మంచికి ఎవరి కొలత వాళ్లది.

ఏజెంటు ఎవరి మనిషి?

చిన్న వ్యాపారికి ఓ సుఖముంది ఇక్కడ. ఒకే సరుకుతో కంటెయినర్ నింపక్కర్లేదు. ఇరవై కొట్లలో ఇరవై రకాలు కొని, అన్నీ ఒకే కంటెయినర్‌లో వేసుకురావచ్చు. ఇరవై అడుగుల కంటెయినర్‌లో 28 ఘనపు మీటర్ల సరుకు పడుతుంది, నలభై అడుగుల ఎత్తు కంటెయినర్‌లో 68 దాకా. అందుకే ప్రతి కొట్లోనూ పెట్టె కొలతలు, పెట్టెకు ఎన్ని, బరువెంత అని ముందే చెబుతారు. ధరతోపాటు ఈ లెక్కా రాసుకోవాలి. చవగ్గా వచ్చిన ప్లాస్టిక్ బుట్టలు కంటెయినర్ మొత్తం ఆక్రమించేసి, రవాణా ఖర్చుతో కలిపి చూస్తే మన ఊరి బుట్టల కంటే ఖరీదవడం మామూలే. చిన్నగా, బరువుగా, ధర ఎక్కువగా ఉండే సరుకైతేనే ఓడెక్కించడం గిట్టుబాటు.

ఇదంతా చూసుకునేది ఏజెంటు. కూడా తిరిగి భాష చెప్పడం, ఆర్డర్లు రాసుకోవడం, కొట్లవాళ్లు పంపిన సరుకు గోదాంలో దించుకుని లెక్కచూడటం, కంటెయినర్‌లో ఎక్కించడం, కాగితాలు పంపడం... అన్నిటికీ కలిపి సాధారణంగా మూడు నుంచి అయిదు శాతం కమిషన్ తీసుకుంటారు. భారతీయులు నడిపే ఏజెన్సీలూ ఉన్నాయి. 'నాకు ఒక్క శాతం చాలండీ' అనేవాళ్లతో జాగ్రత్త! మిగతాది కొట్టువాళ్ల దగ్గర తీసుకుంటారు. అది మన ధరలో కలుస్తుంది. ఏజెంటు బేరమాడుతున్నది మన తరఫునా, కొట్టు తరఫునా అన్నది తెలుసుకోవడానికి పాతకాపులు ఓ చిట్కా వాడతారు. ఏజెంటు చూపించిన కొట్టుకు మర్నాడు ఒంటరిగా వెళ్లి అదే సరుకు ధర అడుగుతారు.

మరో చిక్కు మాట్లాడుకోవడంలో ఉంది. చైనాలో పిల్లాపీచూ అందరూ వాడేది వీచాట్. దాన్ని మన ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. మన వాట్సాప్ అక్కడ మామూలు నెట్‌లో పనిచేయదు. మన సిమ్‌కే రోమింగ్ వేయించుకుని వెళ్తే నడుస్తుంది. తిరిగొచ్చాక మాత్రం ఈమెయిలే దిక్కు. అసలు ప్రమాదం పొంచి ఉన్నదీ అక్కడే.

డబ్బు పంపేముందు ఒక్క ఫోను

మామూలుగా ఆర్డరుతోపాటు 30 శాతం అడ్వాన్సు, సరుకు తయారయ్యాక చూసుకుని మిగతా 70 శాతం. ఇది అందరూ ఒప్పుకునే పద్ధతి. మొత్తం ముందే ఇమ్మంటే లేచి రావడమే. అలాగని మిగతాది సరుకు మన ఊరు చేరాక ఇస్తామన్నా వాళ్లు ఒప్పుకోరు. కాబట్టి ఆ 70 శాతం కట్టేముందు సరుకు చూడటమే మన చేతిలో ఉన్న ఆఖరి ఆయుధం. మనమే వెళ్లలేకపోతే డబ్బిచ్చి తనిఖీ చేయించుకోవచ్చు. అందుకోసమే పనిచేసే కంపెనీలున్నాయి. పైనున్న రెండు పెట్టెలు కాకుండా, అడుగునున్నవి తెరిపించాలి.

ఇక ఈమెయిల్ మోసం. ఆర్నెల్లుగా రాసుకుంటున్న అమ్మకందారు నుంచి ఓ రోజు మెయిల్ వస్తుంది. 'మా బ్యాంకు ఖాతాలో ఆడిట్ జరుగుతోంది. ఈసారి డబ్బు ఈ కొత్త ఖాతాకు పంపండి' అని. అదే పేరు, అదే లెటర్‌హెడ్డు, అదే సంతకం. చిరునామాలో మాత్రం ఒక్క అక్షరం తేడా. డబ్బు వెళ్లిపోతుంది. పది రోజులకు అసలు మనిషి 'ఇంకా పంపలేదేం?' అని అడుగుతాడు. మెయిల్‌ను దొంగలు కొల్లగొట్టారని అప్పుడు తెలుస్తుంది. అప్పటికి ఖాతా ఖాళీ. ఖాతా నంబరు మారిందన్న కబురు ఎంత నమ్మకంగా ఉన్నా, పాత నంబరుకు ఫోను చేసి, వీలైతే వీడియోలో మొహం చూసి అడగనిదే పైసా పంపకూడదు. కంపెనీ పేరుకు కాకుండా ఎవరో వ్యక్తి పేరుకు పంపమన్నా అనుమానించాల్సిందే.

అవతలివాళ్లు అసలు ఉన్నారో లేదో చూడటం కష్టమేం కాదు. చైనాలో ప్రతి కంపెనీ లైసెన్సు మీదా 18 అంకెలూ అక్షరాలూ కలిసిన కోడ్ ఉంటుంది. ప్రభుత్వ వెబ్‌సైట్లో దాన్ని కొడితే కంపెనీ ఎప్పుడు పెట్టారు, యజమాని ఎవరు అన్నది వస్తుంది. కంపెనీ ఇంగ్లిషు పేరుకు అక్కడ విలువ లేదు. చైనా లిపిలో ఉన్న పేరే అసలు పేరు. ఒప్పందం మీద సంతకం కంటే ఎర్రటి గుండ్రని ముద్ర ముఖ్యం. ముద్ర లేని కాగితం, మన భాషలో చెప్పాలంటే, చెల్లని చీటీ.

గొడవొస్తే? మన కోర్టు ఇచ్చిన తీర్పు పట్టుకెళ్లి చైనాలో డబ్బు రాబట్టడం జరిగే పని కాదు. మధ్యవర్తిత్వ తీర్పులకైతే దారి ఉంది. రెండు దేశాలూ న్యూయార్క్ ఒడంబడికలో ఉన్నాయి. అందుకే పెద్ద మొత్తాల ఒప్పందాల్లో వివాదం వస్తే ఏ మధ్యవర్తిత్వ సంస్థకు వెళ్లాలో ముందే రాసుకుంటారు. క్లిప్పుల బేరానికి అదంతా అక్కర్లేదు. కోర్టు ఖర్చే క్లిప్పుల ఖరీదు దాటుతుంది.

ఆ ఇద్దరికీ ఏం జరిగింది?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బు పోయే దారులు. మనిషికే ముప్పు వచ్చిన సంఘటన కూడా ఈ ఊళ్లో జరిగింది. 2011 డిసెంబరులో ఇద్దరు భారతీయుల్ని యీవూ వ్యాపారులు నిర్బంధించారు. వాళ్లు వ్యాపారులు కూడా కాదు, ఓ విదేశీ యజమాని దగ్గర ఉద్యోగులు. అరువు మీద సరుకు తీసుకున్న యజమాని బాకీ తీర్చకుండా ఉడాయించాడు. కొట్లవాళ్లకు దొరికింది ఆర్డర్లు రాసిన ఈ ఇద్దరే. వాళ్లకోసం కోర్టుకు వెళ్లిన భారత దౌత్యాధికారి, మధుమేహ రోగి, గంటల తరబడి తిండీ మందూ లేక అక్కడే కుప్పకూలారు. విషయం రెండు దేశాల ప్రభుత్వాల దాకా వెళ్లింది. బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం యీవూలో వ్యాపారం చేయొద్దంటూ 2012 జనవరిలో భారతీయుల్ని హెచ్చరించింది.

కొట్లవాళ్లది దౌర్జన్యమే, సందేహం లేదు. అయితే వాళ్లవైపు నుంచీ ఓ మాట చెప్పుకోవాలి. యీవూలో చాలామంది విదేశీ ఏజెన్సీలకు నెలా, రెండు నెలల అరువు మీద సరుకిచ్చేవారు. అలా ఇచ్చి మునిగినవాళ్లు ఎందరో. పదడుగుల కొట్టు నడుపుకునే ఆడమనిషికి కంటెయినర్ సరుకు డబ్బు రాకపోతే కుటుంబమే వీధిన పడుతుంది. మనం వాళ్లని ఎంత అనుమానంగా చూస్తామో, వాళ్లూ మనల్ని అంతకంతా అనుమానంగానే చూస్తారు. కాబట్టి అక్కడ ఉద్యోగానికి వెళ్లే మన కుర్రాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. యజమాని తరఫున ఆర్డరు మీద తమ సొంత పేరు, పాస్‌పోర్టు నంబరు రాయకూడదు. కంపెనీ ముద్ర లేకుండా సంతకం పెట్టకూడదు. 'నా పేరు మీద ఇప్పించు, నేను కడతాను' అనే యజమాని దగ్గర ఒక్క రోజు కూడా ఉండకూడదు.

నలభై పైసల క్లిప్పు నిజంగా ఎంత?

మన కుర్రాడి లెక్కకు వద్దాం. యువాన్‌కు పన్నెండు రూపాయలనుకుంటే 0.40 యువాన్ల క్లిప్పు 4 రూపాయల 80 పైసలు. విజయవాడలో టోకున పది రూపాయలకు పోతుందనుకుంటే సగానికి సగం లాభం. ఇలాగే సంబరపడిపోతారు చాలామంది.

ఇప్పుడు అసలు లెక్క. సరుకు ధర, ఓడ కిరాయి, బీమా కలిపి వంద రూపాయలైందనుకుందాం. దానిమీద మౌలిక కస్టమ్స్ సుంకం 20 శాతం ఉంటే 20 రూపాయలు. ఆ సుంకం మీద పదిశాతం సంక్షేమ సర్‌చార్జి రెండు రూపాయలు. మొత్తం 122. దీనిమీద జీఎస్టీ 18 శాతం ఉంటే 21 రూపాయల 96 పైసలు. వంద కాస్తా 144 అయింది! జీఎస్టీ తర్వాత సర్దుబాటవుతుంది కానీ ముందు చేతినుంచి కట్టాలి. ఆపైన రేవు ఖర్చులు, క్లియరింగ్ ఏజెంటు, కంటెయినర్ ఆలస్యమైతే రోజువారీ జరిమానా, లారీ కిరాయి, విరిగినవి, రంగు పోయినవి. ఇవన్నీ వేసుకున్నాక కూడా మిగిలితేనే కొనాలి.

సుంకం తప్పించుకోవడానికి బిల్లు సగానికి వేయించుకుని మిగతాది చేతులు మార్చే పద్ధతి బజార్లో అందరూ చెవిలో చెబుతారు. పట్టుబడితే కస్టమ్స్ చట్టం, విదేశీ మారకద్రవ్య చట్టం రెండూ మెడకు చుట్టుకుంటాయి. పట్టుబడకపోయినా మరో నష్టముంది. సరుకు పాడైతే బిల్లులో ఉన్న సగానికే మనం అడగగలం.

కొన్నింటిని అసలు ముట్టుకోకూడదు. బొమ్మల మీద సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి. ఆ లైసెన్సు మన దగ్గర కాదు, తయారుచేసే ఫ్యాక్టరీకే ఉండాలి. యీవూ కొట్లో 'ఉంది, ఉంది' అని ఏదో సర్టిఫికెట్ చూపిస్తారు. అది యూరప్‌ది అయి ఉంటుంది. మన రేవులో అది పనికిరాదు. చార్జర్లు, పవర్‌బ్యాంకుల వంటి వాటికీ బీఐఎస్ నమోదు కావాలి. పేరున్న బ్రాండ్ల నకళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎంత చవకైనా రేవులో పట్టుబడితే సరుకూ పోతుంది, కేసూ మిగులుతుంది. ఇల్లు కదలకముందే సరుకు కోడ్ తెలుసుకుని క్లియరింగ్ ఏజెంటును అడగటం, ఐఈసీ తీసుకోవడం... ఈ రెండూ అయ్యాకే టికెట్ కొనాలి. జీఎస్టీ వచ్చాక మన పాన్ నంబరే ఐఈసీ నంబరవుతుంది, ఆన్‌లైన్లోనే ఇస్తారు.

ఎప్పుడు వెళ్లాలి?

చైనా కొత్త సంవత్సరం జనవరి మూడోవారం నుంచి ఫిబ్రవరి మూడోవారం లోపు ఎప్పుడో వస్తుంది. దానికి రెండు మూడు వారాల ముందే కార్మికులు సొంతూళ్లకు బయల్దేరతారు. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు, కాకపోతే అంతకు ఎన్నో రెట్లు. మార్కెట్ దాదాపు రెండు వారాలు మూతపడుతుంది. ఊరెళ్లినవాళ్లలో అందరూ తిరిగిరారు. పండగ తర్వాత కొత్త చేతులతో మొదలైన సరుకులో తప్పులు ఎక్కువ. పండగ ముందు హడావుడిగా చుట్టేసిన సరుకులో అంతకంటే ఎక్కువ! దీపావళి దీపాల దండలు కావాలంటే జూన్‌లోనే ఆర్డరివ్వాలి. తయారీకి నెల, నింగ్‌బో రేవు నుంచి మన రేవుకు రెండు మూడు వారాలు, కస్టమ్స్‌కు, లారీకి ఇంకొన్నాళ్లు. హైదరాబాద్ సరుకు ముంబయి దగ్గరి నవాషేవాలోనో, చెన్నైలోనో దిగి రైలెక్కి సనత్‌నగర్ చేరుతుంది. పండగ వెళ్లిన మర్నాడు వచ్చిన దీపాల దండలు ఏడాదంతా గోదాంలోనే.

పెద్ద యంత్రాలు, ఎలక్ట్రానిక్ సామగ్రి చూసేవాళ్లు గ్వాంగ్‌ఝౌలో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబరులో జరిగే కాంటన్ ఫెయిర్‌కు వెళ్తారు. 1957 నుంచీ జరుగుతున్న మేళా అది. 2020లో ఆగిపోయిన రెండు దేశాల మధ్య నేరుగా వెళ్లే విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి. మన హైదరాబాద్ వాళ్లలో ఎక్కువమంది హాంకాంగ్, బ్యాంకాక్, సింగపూర్‌ల మీదుగానే వెళ్తుంటారు. సరిహద్దు గొడవలొచ్చినా, బహిష్కరణ పిలుపులొచ్చినా, 2024-25లో చైనా నుంచి మనం దిగుమతి చేసుకున్న సరుకు విలువ 11,300 కోట్ల డాలర్ల పైమాటే.

తిండికి యీవూలో ఇబ్బంది లేదు. అరబ్బులు, ఆఫ్రికావాళ్లు, పాకిస్తానీలు, మనవాళ్లు నిత్యం ఉండే ఊరు కాబట్టి రోటీ, పప్పు, బిర్యానీ అన్నీ దొరుకుతాయి. శాకాహారులు 'మాంసం వద్దు' అంటే సరిపోదు. మాంసం ముక్కలు ఏరేసి గిన్నె ముందు పెడతారు. 'వో చ్ర్ సు' అని శాకాహారినని చెప్పాలి, లేదా కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకోవాలి. ఇక వేళ్లతో అంకెలు చూపించడంలోనూ తిరకాసు ఉంది. ఒక్క చేత్తోనే పదిదాకా చూపిస్తారు. బొటనవేలు, చూపుడువేలు తుపాకీలా చాపితే మనకు రెండు. వాళ్లకు ఎనిమిది! రాత్రి బజార్లో చెప్పుల బేరంలో రెండు పది ఎనభై అవుతుందన్నమాట.

మళ్లీ జడ క్లిప్పుల కొట్లోకి. ఆరువేల క్లిప్పులన్న మాట విని కుర్రాడు కాసేపు బిత్తరపోయాడు. లేచి వెళ్లలేదు. పెట్టెలో ఎన్ని రంగులు కలుపుతారని అడిగాడు. పన్నెండు రంగులంది ఆమె. నల్లవి, గోధుమవి ఎక్కువ, లేత రంగులు తక్కువ వేయమన్నాడు. బెజవాడలో ఏ రంగు పోతుందో అతనికి తెలుసు. అయిదు కాదు, రెండు పెట్టెలు చాలన్నాడు, ధర 0.43 ఇస్తానన్నాడు. ఆమె ఫోను తీసి భర్తతో మాట్లాడింది. తలూపింది. చిన్న గ్లాసులో వేడినీళ్లు పోసి, గ్రీన్ టీ ఆకులు వేసి అతని ముందుకు జరిపింది. రెండు క్లిప్పులు తీసి చిన్న తూకం మీద పెట్టారు. బరువు రాసుకున్నారు. రెండింటికీ కాగితం చుట్టి, దానిమీద ఇద్దరూ సంతకం చేశారు. ఒకటి ఆమె సొరుగులోకి వెళ్లింది. రెండోదాన్ని అతను పాస్‌పోర్టు పెట్టుకునే సంచిలో వేసుకుని, కొట్టు నంబరు ఫొటో తీసుకుని, గొడుగుల వరసకు దారి అడిగాడు.